అసెసర్ రెండో మాట

మరాఠీ దేశంలో తెలుగు నేతగాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో అసెసర్ అంటే ఎవరో అందరికీ తెలుసు. మునిసిపాలిటీ నుంచి టేపు పట్టుకుని వచ్చి, గుమ్మం నుంచి గోడ దాకా కొలిచి, వెనక వేసుకున్న రేకుల చాటును కూడా గది కింద రాసుకుని, ఏడాది తిరిగేసరికి ఇంటిపట్టీ పెంచేవాడు అసెసర్. అందుకే కోర్టు బంట్రోతు పట్టేవాలా వచ్చి, పెంటప్పను అసెసర్‌గా పిలిచారని చెప్పి, కాగితం చేతిలో పెట్టి పోగానే పక్కింటి లక్ష్మి చేసిన మొదటి పని పెరట్లోని తడక పీకడం.

"మామా, నీకు దండం పెడ్త. అది అర్ర గాదు, కట్టెలు పెట్టుకునే చాటు. నువ్వు రోజు సూస్తనే ఉన్నవు గద," అంది గోడ మీది నుంచి.

పెంటప్ప మగ్గం గుంతలో నడుము దాకా దిగి కూర్చుని ఉన్నాడు. చద్దరు మీద నెమలి మెడ వరకూ వచ్చింది, తల మిగిలింది. పోగును అటూ ఇటూ వేసే నాడెను పక్కకు తోసి కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. మరాఠీ అయితే కూడబలుక్కుని చదివేవాడే. ఇది ఇంగ్లీషు.

"నేను ఎవ్వల ఇండ్లు కొలువ లక్ష్మీ. నా కొలతలన్నీ ఈ పడుగు దాక్నే," అన్నాడు. అన్నాడు గానీ, అదేమిటో ఆయనకూ తెలియదు.

భార్య చంద్రభాగ రాట్నం ఆపలేదు. నిండుతున్న కండె మీదే కళ్ళు ఉంచి, "కోర్టోళ్లు ఉత్తగ పిలుస్తరా? ఎవలకన్న జామీను గిట్ల పడ్డవా?" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు చెప్పకుండా ఆయన చేసిన తప్పుడు పనులన్నీ జామీన్లే మరి.

బడి వదిలాక వాసుదేవ్ మాస్తరు వచ్చాడు. పేట్‌లో ఇంగ్లీషు కాగితం ఎవరికి వచ్చినా ఆయన దగ్గరికి పోవలసిందే. ఆయన మాత్రం పెంటప్ప మీద గౌరవం కొద్దీ తానే వచ్చి, గడప పక్కన పీట మీద కూర్చుని, కాగితం మొత్తం ఒకసారి పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. తర్వాత పాఠం చెప్పే గొంతు పెట్టాడు.

"ఈ మాటకు అసలైన అర్థం పక్కన కూచునేటోడు, పెద్దయ్యా. ఎన్కటికి దొరల దేశంల పెద్ద మనిషి పక్కన కూచొని సలహా చెప్పెటోడన్నట్టు. పోను పోను ఇలువ కట్టేటోడయిండు. ఇంటికి ఇలువ కట్టినా అసెసరే, కాలిపోయిన దుకాణానికి నుక్సాన్ లెక్క కట్టినా అసెసరే. కోర్టుల మాత్రం పాత అర్థమే నడుస్తున్నది. జడ్జి పక్కన కూచోవాలె. సాక్షుల మాటలు ఇనాలె. నేరం, గున్హా అయిందా కాలేదా, మనకు తోచింది చెప్పాలె."

"అంటే పంచ్."

మాస్తరు కాదనబోయాడు. చంద్రభాగ అప్పుడే టీ కప్పు తెచ్చి ముందు పెట్టింది. "అట్లాంటిదే అనుకో, పెద్దయ్యా," అని కప్పు అందుకున్నాడు. ఆయన ఆ టీ చల్లారినా ఫర్వాలేదనుకుని ఇంకో నాలుగు మాటలు చెప్పి ఉంటే ఎంత బాగుండేది. చదువుకున్నవాళ్ళు చెప్పవలసిన చోట క్లుప్తంగా చెబుతారు, అక్కరలేని చోట దొరల దేశం దాకా పోతారు.

"ఎవలి కేసంట?" అని మళ్ళీ రాట్నం తిప్పుతూ అడిగింది చంద్రభాగ.

"సోమవారం సెషన్స్ కోర్టుల నడిచేది ఇంకెవలిది పెద్దమ్మా? మన అంబాదాస్‌దే."

అప్పుడు ఆగింది రాట్నం.

ఆ సంగతి పేట్‌లో తెలియనివాళ్ళు లేరు. ఎండాకాలం మొదట్లో కార్ఖానా మేస్త్రి సాయిలు, చద్దరులో అడ్డంగా వేసే పేక సరిగ్గా పడక గీతలు తేలాయని, దాన్ని ముద్దచేసి తన కింద నేసే అంబాదాస్ ముఖాన కొట్టాడు. అంబాదాస్ మగ్గం మీది నుంచి లేచాడు. ఆ తర్వాత ఏమైందన్నది ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. సాయిలు మాత్రం వెల్లకిలా పడ్డాడు. పక్క మగ్గం గుంతకు వేసిన బండ అంచు తల వెనక తగిలింది. సివిల్ ఆసుపత్రిలో మూడో రోజు ప్రాణం పోయింది. చంపాలని చేయకపోయినా చావుకు కారణమయ్యాడని సర్కారు కేసు పెట్టింది. నెట్టాడంటుంది సర్కారు, సాయిలే జారి పడ్డాడంటాడు అంబాదాస్ వకీలు.

"కాలేదని చెప్పి రా," అంది చంద్రభాగ, మాస్తరు వెళ్ళగానే. "ఒక్క మాట. పోరడు ఇంటికొస్తడు."

"సాయిలు పెండ్లాం సీతాబాయి ముఖం ఎట్ల చూడాలె నేను? ఆమె మొగడు ఉత్తగనే పడి సచ్చిండని నలుగురిల నేను చెప్పాల్నా?"

"మరి పోరన్ని జైల్ల ఏపిస్తవా?"

"జైలెందుకైతదే? రెండో మాట లేదా?"

ఈ రెండో మాట గురించి చెప్పకపోతే పెంటప్ప గురించి చెప్పినట్టు కాదు. మార్కండేయుని గుడి మంటపంలో పద్మశాలీల కుల పంచాయితీ కూర్చుంటే పెద్దమనిషి రెండు మాటలు చెప్పాలి. మొదటి మాట కఠినంగా ఉంటుంది. తప్పు జరిగిందని అందరి ముందూ అని, చేసినవాడు తలెత్తలేనంత శిక్ష చెబుతారు. కులానికి వెలి, మగ్గం బంద్, నిప్పూ నీళ్ళూ బంద్. అది దెబ్బ తిన్న ఇంటివాళ్ళ కోసం చెప్పే మాట. అది విన్నాక వాళ్ళ కడుపు కొంచెం చల్లబడుతుంది. అప్పుడు పళ్ళెంలో ఆకూ వక్కా తిరుగుతుంది. నమిలేంత సేపూ ఎవరూ నోరెత్తరు. తర్వాత అదే పెద్దమనిషి లేచి రెండో మాట చెబుతాడు. వెలి కాస్తా జుర్మానా అవుతుంది, జుర్మానా కాస్తా కాళ్ళు మొక్కడం అవుతుంది. నేరం చేసినవాడి తరఫువాళ్ళు నేలకు చెయ్యి తాకించి ఒప్పుకున్నామంటారు. రెండో మాట లేని పంచాయితీ పెంటప్ప పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మొదటి మాట ఎవరైనా చెబుతారు. రెండో మాటకు పెంటప్ప పెట్టింది పేరు. ఆ పేరంటే ఆయనకు కొంచెం మోజు. కొంచెమేమిటి, బాగానే.

మర్నాడు పొద్దున్నే అంబాదాస్ తల్లి యల్లమ్మ వచ్చింది. చంకలో బీడీల చాట. ఎక్కడికి పోయినా ఆ చాట ఆమెతోనే ఉంటుంది. గడప ఇవతల కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని, కత్తిరించిన తునికాకు తీసి తంబాకు వేసి చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిన బీడీ మూతి గోటితో మడిచి, దారం కట్టి, ఇంకోటి తీసింది.

"మాస్తరు చెప్పిండన్నా. నువ్వే పంచ్‌వంట గద."

"అవునే యల్లమ్మా."

"దేవుడు సల్లగ చూసిండు. ఆడ అందరు తెల్వనోళ్లే ఉంటరని బుగులు వడ్డ." ఇంకో బీడీకి దారం కట్టింది. "మొదటి మాట నీ ధర్మం. సీతాబాయి కండ్ల ముంగట తిరుగుతున్నది, ఆ పోరగాండ్లు తిరుగుతున్నరు. నువ్వు వేరే చెప్పుమని నేనెట్లంట? రెండో మాట కాడ మాత్రం నా కొడుకును మరువకు."

"మరుస్తనా?"

"అట్లంటె చాలు," అని లేచింది. కొడుకు నెట్టాడో లేదో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

ఆ రోజంతా పెంటప్ప నేస్తూ రెండో మాట కట్టుకున్నాడు. అంబాదాస్ సీతాబాయి గడప ముందు మొక్కాలి. వారం వారం వచ్చే హప్తా కూలిలో సగం ఆ ఇంట్లో పెట్టాలి, సాయిలు పిల్లలు మగ్గం ఎక్కే దాకా. జైలు వద్దు, జైల్లో కూర్చుంటే ఆ పిల్లలకు ఎవరు పెడతారు? ఇది తట్టాక ఆయనకు తన మీద తనకే ముచ్చటేసింది. జడ్జి సాహేబు మాత్రం కాదంటాడా? జడ్జికి తెలుగు రాదు గనక దాన్నంతా మరాఠీలోకి మార్చుకుని, నాడె అటు వేసినప్పుడు ఒక ముక్క, ఇటు వేసినప్పుడు ఒక ముక్క పైకి అనుకున్నాడు. గడపకు మరాఠీలో ఏమనాలో గుర్తు రాక చంద్రభాగను అడిగాడు. ఆమె చెప్పింది. మాస్తరుకు కూడా ఒకసారి వినిపిద్దామనుకున్నాడు గానీ, రెండో మాట ముందే బయటపెట్టే పద్ధతి లేదని ఊరుకున్నాడు.

సోమవారం కొత్త ఎర్ర రుమాలు చుట్టుకుని, పెళ్ళిళ్ళకు తొడిగే నల్ల కోటు తొడుక్కుని కోర్టుకు పోయాడు. జడ్జి కుర్చీ ఎత్తు మీద ఉంది. అసెసర్ల కుర్చీలు దాని ఎడమ పక్కన, కింద, నాలుగు వేశారు. పక్కన కూర్చునేవాడని మాస్తరు చెప్పింది నిజమేనని పెంటప్పకు తృప్తి కలిగింది. మిగిలిన ముగ్గురిలో ఒకాయన ధాన్యం వ్యాపారి, ఒకాయన మందుల దుకాణం వాడు, మూడో ఆయన పెన్షన్ తీసుకుంటున్న తలాఠీ, ఊరి లెక్కలు రాసినవాడు. తలాఠీకి ఈ పని పాతదే. కుర్చీలో వెనక్కి వాలి, పెంటప్ప వైపు వంగి మరాఠీలో ధైర్యం చెప్పాడు.

"భయపడకండి. చివర్న లేపి అడుగుతారు. నేరం రుజువు కాలేదని చెప్పి ఇంటికి పోవడమే. ఎవడి పాపమూ మనకు అంటదు."

పెంటప్పకు ఆ మాట నచ్చలేదు. ఒక మనిషి చచ్చిపోయాడు, వీళ్ళకు చేతులు దులుపుకుపోవాలని ఉంది. ఇలాంటివాళ్ళనా పక్కన కూర్చోబెట్టుకునేది అని జడ్జి మీద జాలి కూడా పడ్డాడు.

అంబాదాస్‌ను బోనులోకి తెచ్చారు. చిక్కిపోయాడు. పెంటప్పను చూడగానే వాడి ముఖంలోకి నెత్తురు వచ్చింది. రెండు చేతులూ జోడించబోయి, పోలీసు కదిలేసరికి దించేశాడు. వెనక బెంచీ మీద సీతాబాయి కొంగు నుదుటి దాకా లాక్కుని కూర్చుంది. యల్లమ్మను లోపలికి రానివ్వలేదో, ఆమే రాలేదో, వరండాలో స్తంభం దగ్గర చాటతో కూర్చుని ఉంది.

పక్క మగ్గం నేతగాడు యాదగిరి సాక్షి. వాడు సాక్షి బోనులోకి రాగానే దండం పెట్టి, ఎవరూ అడగకముందే, "పోగు తెగింది సాహేబ్," అన్నాడు. సర్కారు వకీలు నవ్వి, నెమ్మదిగా చెప్పమన్నాడు. "పోగు తెగింది. తల వంచి అతుకుతున్న. చప్పుడైతె లేచి చూసిన. మేస్త్రి కింద ఉండె. నెట్టుడు నేను చూడలె."

సర్కారు వకీలు రెండు మూడు విధాల గద్దించినా వాడు ఆ మాట మీదే నిలబడ్డాడు. మగ్గం మీద పోగు అతికేటప్పుడు తల ఎత్తే వీలుండదు, వాడు అబద్ధం చెప్పడం లేదని పెంటప్పకు తెలుసు. కానీ ఆయన యాదగిరిని చూడటం లేదు. అంబాదాస్ కుడి చేతిని చూస్తున్నాడు. యాదగిరి మాట్లాడుతున్నంత సేపూ అంబాదాస్ ఆ అరచేతిని ధోతికి రాస్తూనే ఉన్నాడు, తుడిచిందే తుడుస్తూ. తన వకీలు జారుడు నేల గురించి చెబుతుంటే కూడా ఆ చెయ్యి ఆగలేదు. ఆ చెయ్యే నెట్టింది. అందులో పెంటప్పకు అనుమానం మిగల్లేదు. వాడి మీద కోపం రాలేదు. ముఖాన చద్దరు కొట్టించుకున్నవాడు ఎవడైనా నెడతాడు.

సాక్షులు మర్నాటికి అయిపోయారు. ఆ మర్నాడు వకీళ్ళు మాట్లాడారు, ఇంగ్లీషులో. ఎండ కిటికీల మీదికి ఎక్కింది. జడ్జి కాగితాలు సర్దుకుని అసెసర్ల వైపు తిరిగాడు. దుబాసీ లేచి మరాఠీలో ఒకటే ప్రశ్న అడిగాడు. గున్హా చేశాడా, లేదా?

ధాన్యం వ్యాపారి లేచి, రుజువు కాలేదన్నాడు. మందుల దుకాణం ఆయన కూడా అదే అన్నాడు. తలాఠీ సగం లేచి అదే మాట చెప్పి కూర్చున్నాడు. పెంటప్పకు వాళ్ళ మీద రోత పుట్టింది. తప్పే లేదంటే ఇంక రెండో మాటకు చోటెక్కడ? వెనక బెంచీలో సీతాబాయి కొంగు ఇంకా కిందికి లాక్కోవడం కనిపించింది. ఆమె ముందు ముగ్గురు మగవాళ్ళు వరసగా లేచి, నీ మొగుడికి ఏమీ జరగలేదని చెప్పినట్టే కదా.

పెంటప్ప లేచి కోటు సర్దుకున్నాడు. గుడి మంటపంలో మాట్లాడే గొంతుతోనే మాట్లాడాడు.

"గున్హా కేలా, సాహేబ్," అన్నాడు. నేరం చేశాడని.

కలం చప్పుడు ఆగింది. జడ్జి తల ఎత్తి, దేన్ని బట్టి అంటున్నావని దుబాసీ చేత అడిగించాడు.

"నేను నేసేటోన్ని. మగ్గాల నడుమ ఇన్నేండ్లు తిరిగిన మేస్త్రి కాలు జారి వెల్లకిల పడడు. పడితె ముంగటికి పడ్తడు. ఎవరో నెడితేనే వెనక్కి పడ్తడు," అని మరాఠీలో చెప్పాడు. బోనులో అంబాదాస్ తల వంచాడు. అది చూసి పెంటప్ప మనసు కరిగిపోయింది. ఒక్క రెండు నిమిషాలు ఓపిక పట్టు బిడ్డా అనుకున్నాడు.

జడ్జి రాసుకున్నాడు. చాలాసేపు రాసుకున్నాడు. "బసా," అన్నాడు. కూర్చోమని.

"సాహేబ్, ఇంకో మాట..."

"తర్వాత," అన్నాడు దుబాసీ.

తర్వాత అన్నాడు కదా అని పెంటప్ప కూర్చున్నాడు. జడ్జి లోపలికి పోయాడు. ఆకూ వక్కా తిరిగే సమయం ఇదేనేమో, ఇక్కడ టీ తాగుతారేమో అనుకున్నాడు. తలాఠీ సంచీ తీసుకుని లేచి, "మన పని అయిపోయింది, పోదాం రండి," అంటే వినలేదు. కుర్చీ వదిలిపెట్టి పోతే తనను పిలిచినప్పుడు ఎలా? కట్టుకున్న మాట మొదటి నుంచి చివరి దాకా మనసులో ఒకసారి తిప్పుకున్నాడు. అన్నీ గుర్తున్నాయి.

మధ్యాహ్నం జడ్జి వచ్చి చదవడం మొదలుపెట్టాడు. అంతా ఇంగ్లీషు. మధ్యలో ఒకచోట అసెసర్ అన్న మాట వినిపించి, జడ్జి కళ్ళు తన మీదికి వచ్చి పోయాయి. పెంటప్ప నిటారుగా కూర్చున్నాడు. చివర దుబాసీ అంబాదాస్ వైపు తిరిగి చెప్పాడు. గున్హా రుజువైంది. ఏడేళ్ళ సక్త మజూరీ, కఠిన జైలు.

బాగానే ఉంది, మొదటి మాట అంటే అంతే గట్టిగా ఉండాలి అనుకున్నాడు పెంటప్ప. అనుకుని లేచి నిలబడ్డాడు. జడ్జి కూడా లేచాడు. పోలీసులు అంబాదాస్ మోచెయ్యి పట్టుకున్నారు.

"సాహేబ్! నాది ఇంకా ఉన్నది!"

జడ్జి ఆగి, ఈయనకేం కావాలని గుమస్తాను అడిగాడు. గుమస్తా ఏదో అన్నాడు. జడ్జి తల ఊపి తలుపు వెనక్కి పోయాడు. పట్టేవాలా వచ్చి పెంటప్ప భుజం మీద చెయ్యి వేశాడు. "రా బాబా, నీ భత్తా ఇప్పిస్త. ఆగం చెయ్యకు, అందరికి ఇస్తరు," అంటూ నడిపించుకుపోయి నాజర్ కచేరీ ముందు నిలబెట్టాడు. అక్కడ సంతకం పెట్టించుకుని చేతిలో రోజు భత్తా డబ్బులు పెట్టారు. అది ఎందుకు తీసుకున్నాడో ఆయనకు తెలియదు. ఇచ్చారు, తీసుకున్నాడు.

వరండాలో అంబాదాస్ వకీలు ఎదురయ్యాడు. మంచివాడే, కానీ ఓడిపోయి ఉన్నాడు.

"మీరేం చేశారో తెలుసా? నలుగురూ లేదంటే జడ్జి చెయ్యి వెనకాడేది. అసెసర్ మాట జడ్జి వినాలని లేదు. ముగ్గురి మాట పక్కన పెట్టాడు. మీ మాట తీసుకున్నాడు. నిందితుడి కులపెద్దే, మగ్గం పని తెలిసినవాడే నేరం జరిగిందన్నాడని జడ్జిమెంటులో రాశాడు."

"శిక్ష సంగతి నన్ను అడుగుతరనుకున్న వకీల్ సాబ్."

"మిమ్మల్నా? శిక్ష సంగతి అసెసర్‌ను ఎవరూ అడగరు. పక్కన కూర్చుని ఒకే ఒక్క మాట చెప్పేవాడు అసెసర్. ఎవరూ చెప్పలేదా మీకు?"

పెంటప్ప గోడకు ఆనుకున్నాడు. కట్టుకున్న మాట మొత్తం, గడపకు మరాఠీ మాటతో సహా, నోట్లోనే ఉండిపోయింది.

యల్లమ్మ స్తంభం దగ్గర నుంచి లేచి వచ్చింది. ఏడవలేదు. కొడుకును బండి ఎక్కించడం చూసిందట, తిన్నావా అని కేకేసి అడిగిందట.

"ఏడేండ్లంట గదన్నా? మొదటి మాట గట్టిగనే చెప్పిండ్రు," అంది. "మల్ల రెండోది రేపా, ఎల్లుండా?"

చెప్పవలసింది అప్పుడే. పెంటప్ప ఆమె ముఖం చూశాడు, చాట చూశాడు. "చూద్దాం పా," అన్నాడు. పేట్ దాకా ఇద్దరూ నడిచే వచ్చారు. దారిలో ఆమె, జడ్జి మంచోడేనా అని అడిగింది. మంచోడే అన్నాడు.

ఆ రాత్రి గడిచి తెల్లవారగానే వాసుదేవ్ మాస్తరు దగ్గరికి పోయాడు. మాస్తరు అంతా విని తల పట్టుకున్నాడు. "అట్లాంటిదే అనుకో అన్న. నోరు జారిన పెద్దయ్యా," అన్నాడు. బొంబాయి హైకోర్టు ఉందన్నాడు. అక్కడికి పోతే మాత్రం పెంటప్ప చెప్పిన మాటే అడ్డం పడుతుందని వకీలు అన్నాడట. చెప్పడానికి ఇంకేమీ లేక మాస్తరు బడికి ఆలస్యమవుతోందన్నాడు. నిజంగానే ఆలస్యమవుతోంది.

పేట్‌లో మాత్రం ఎవరికీ దిగులు లేదు. ఏడేళ్ళు అనగానే, అది మొదటి మాట, ఇంకా పెంటప్ప మామ ఉన్నాడుగా అన్నారు. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆయన కనిపిస్తే బిందెలు పక్కకు జరిపి దారిచ్చారు. లక్ష్మి గోడ మీది నుంచి జొన్నరొట్టె, వంకాయ కూర అందించింది. ఆ రొట్టె సగం తిని పక్కన పెట్టేశాడు. ఇల్లు కదలకుండా నేస్తూ కూర్చున్నాడు. యల్లమ్మ రోజూ పొద్దున వచ్చేది. గడప ఇవతల కూర్చుని బీడీలు చుట్టేది. అడిగేది కాదు. పంచ్‌ను తొందర పెట్టకూడదని ఆమెకు తెలుసు. ఆమె వచ్చినప్పుడల్లా పెంటప్ప నాడె ఇంకా గట్టిగా విసిరేవాడు, చప్పుడుకు మాట వినిపించకుండా.

"చెప్పు ఆమెకు. లేకపోతె నేను చెప్త," అంది చంద్రభాగ.

"నేనే చెప్త," అన్నాడు. చెప్పలేదు.

మరుసటి వారం శనివారం యల్లమ్మ సాయంత్రం వచ్చింది. బీడీ కంపెనీ నుంచి హప్తా తీసుకుని అటే వచ్చినట్టుంది, చాట ఖాళీగా ఉంది. ఇవాళ కూర్చోలేదు.

"అన్నా, పిలగాన్ని ఎరవాడ జైలుకు తీస్కపోతరంట. ఆడికి పోయినంక మల్ల తెచ్చుడు కష్టం గద. అంతకుముందే పోయి చెప్పరాదు?"

పెంటప్ప నాడె వదిలేశాడు. రెండు చేతులూ గుంత అంచుకు ఆనించి, మెల్లగా పైకి లేచి, వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అది చూసి ఆమె కూడా కూర్చుంది.

"రెండో మాట లేదు యల్లమ్మా."

"లేదంటె? ఆకు తిరుగలేదా ఇంక?"

"ఆడ ఆకు తిరుగది. ఒక్కటే మాట అడుగుతరు. అడిగిండ్రు, చెప్పిన. ముగ్గురు కాలేదన్నరు. నేనొక్కన్నే అయిందన్న. జడ్జి నా మాటనే పట్టుకున్నడు. ఏడేండ్లంటె ఏడేండ్లే. నేనే ఏపిచ్చిన."

రాట్నం దగ్గర చంద్రభాగ ముఖం అటు తిప్పుకుంది. యల్లమ్మ ఖాళీ చాటలో అంటుకున్న తంబాకు పొడిని వేలితో ఒక పక్కకు చేర్చింది.

"తెల్వక చెప్పినవా?"

"తెల్వక."

"తెలిస్తె ఏం చెప్తుంటివి?"

పెంటప్ప సీతాబాయిని తలుచుకున్నాడు, అరచెయ్యి ధోతికి రాసుకుంటున్న అంబాదాస్‌ను తలుచుకున్నాడు. "కాలేదంటుంటి," అన్నాడు. అది నిజమని అన్నాకే ఆయనకు తెలిసింది. సిగ్గేసింది.

యల్లమ్మ తల ఊపింది. "మరి రెండో మాట కట్టుకొనే పోయి ఉంటివి గద. అదేందో నాకన్న చెప్పు."

గుర్తు లేదనవలసింది. మరచిపోయానంటే అక్కడితో పోయేది. కానీ ఎవరూ అడగని మాట ఇన్నాళ్ళూ లోపల కుళ్ళుతూ ఉంది, అడిగేసరికి ఆగలేదు. మరాఠీలో మొదలుపెట్టాడు. నాలుగు ముక్కలు అయ్యాక ఎవరితో మాట్లాడుతున్నాడో తెలిసి ఆగి, తెలుగులో మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

"అంబాదాస్ సీతాబాయి గడప ముంగట మొక్కాలె. హప్తాకు హప్తా కూలిల సగం ఆ ఇంట్ల పెట్టాలె, పోరగాండ్లు మగ్గం ఎక్కేదాక. జైలు లేదు గియిలు లేదు. పో బిడ్డా, పోయి పనిల వడు."

యల్లమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. వంగి నేలకు చెయ్యి తాకించింది.

"ఒప్పుకున్నం," అంది. లేచి నిలబడింది. "ఇయ్యాల హప్తా వచ్చింది. సగం సీతాబాయికి ఇచ్చొస్త."

పెంటప్పకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గాభరాగా లేచాడు. "వద్దు యల్లమ్మా! అది నీకు గాదు. జైలు తప్పితె చెప్పే మాటది. జైలు తప్పలేదు గద. శిక్ష మీద శిక్ష పడ్తది నీకు."

"పంచ్ నోట్ల నుంచి వచ్చినంక తీసేస్తమా అన్నా?" అంది ఆమె. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా ఆయన కొంత తేలికపడేవాడు. "మొదటి మాట వాడు మోస్తున్నడు. ఇది నేను మోస్త."

చాట చంకన పెట్టుకుని గడప దాటింది. ఆమె సీతాబాయి ఇంటి సందులోకి తిరిగే దాకా పెంటప్ప గుమ్మంలో నిలబడి చూశాడు.

"పిలువయ్యా! ఆపు!" అంది చంద్రభాగ వెనక నుంచి.

పిలవడానికి ఆయనకు ఇంక మాట లేదు.